సీటు వేరు, స్థిరనివాసం వేరు

విదేశీ విశ్వవిద్యాలయంలో చేరే విద్యార్థికి ఆ దేశం ఇచ్చేది చదువుకోవడానికి అనుమతి మాత్రమే. చదువయ్యాక అక్కడే కొలువు చేయాలంటే మరో అనుమతి కావాలి. ఆ కొలువును ఆధారం చేసుకుని శాశ్వతంగా ఉండిపోవాలంటే మూడోది కావాలి. ఈ మూడింటికీ చట్టాలు వేరు, షరతులు వేరు, నిర్ణయించే అధికారులు వేరు. మొదటిది దక్కితే మిగతా రెండూ వాటంతటవే దక్కుతాయని ఏ దేశమూ మాట ఇవ్వలేదు. నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతాల్లో పిల్లల విదేశీ చదువుకు చేసే అప్పులు మాత్రం తరచూ ఆ మూడో అనుమతి మీద నమ్మకంతోనే పుడుతున్నాయి. అప్పు కిస్తీ నెలనెలా కట్టాలి. శాశ్వత నివాసం చేతికి రావడానికి పుష్కరం దాటవచ్చు, అసలు రాకనూ పోవచ్చు.

2022 ఏప్రిల్ 4న కర్నూలు నుంచి విడివడిన నంద్యాల జిల్లాకు ప్రధాన ఆధారం సేద్యమే. కేసీ కాలువ, తెలుగుగంగ కింద వరి, నల్లరేగడిలో పత్తి, శనగ పండించే ఇళ్లలో ఇంజినీరింగ్ చదువు బాగా విస్తరించింది 2007-08 తర్వాత, ఉమ్మడి రాష్ట్రంలో ఫీజు రీయింబర్స్‌మెంట్ పథకం వచ్చాకే. నంద్యాల పట్టణంలోనే ఇంజినీరింగ్ కళాశాలలు ఉన్నాయి. చుట్టుపక్కల ఊళ్ల పిల్లలు ఇంటి దగ్గర నుంచి కాలేజీ బస్సులో వెళ్లివస్తూనే అనంతపురం జేఎన్‌టీయూ పట్టా తెచ్చుకోగలరు. ఆ పట్టాకు తగిన కొలువు మాత్రం జిల్లాలో దొరకదు. హైదరాబాదుకో బెంగళూరుకో వెళ్లాలి. అక్కడ వచ్చే మొదటి జీతాన్ని అమెరికా జీతం పక్కన పెట్టి చూసిన రోజు ఇంట్లో ఎంఎస్ మాట మొదలవుతుంది.

రాయలసీమకు వలస కొత్త కాదు. ఆళ్లగడ్డకు దక్షిణాన రాజంపేట, రాయచోటి ప్రాంతాల నుంచి కువైట్ వెళ్లడం దశాబ్దాలుగా ఉంది. గల్ఫ్ వలసలో శాశ్వత నివాసం ఊసే లేదు. యజమాని పేరు మీద ఉన్న అనుమతి తీరితే తిరిగి రావాల్సిందే. వెళ్లేవారికీ పంపేవారికీ ఆ సంగతి ముందే తెలుసు కనుక సంపాదన ఊళ్లో ఇల్లుగా, పొలంగా మారుతుంది, అప్పు కూడా ఆ కాలపరిమితికి లోబడే ఉంటుంది. చదువు పేరిట సాగే వలసలో ఆ స్పష్టత లేదు. నష్టానికి మూలం అదే.

డబ్బు లెక్క ముందు చూడాలి. అమెరికాలో రెండేళ్ల ఎంఎస్‌కు ఫీజు, బతుకు ఖర్చు కలిపి 40 లక్షల రూపాయలు దాటడం మామూలే. బ్యాంకు విద్యారుణం పెద్ద మొత్తంలో కావాలంటే తనఖా అడుగుతుంది. ఈ ప్రాంతపు కుటుంబాలకు ఉన్న ఆస్తి పొలం. పట్టాదారు పాసుపుస్తకం మీద పంట రుణం ఇచ్చే బ్యాంకే విద్యారుణానికి వచ్చేసరికి వ్యవసాయ భూమిని తనఖాగా తీసుకోవడానికి సాధారణంగా ఇష్టపడదు. ఇల్లు, ఇంటి స్థలం, డిపాజిట్లు కావాలంటుంది. అవి చాలకపోతే మిగిలే దారులు మూడు: తనఖా లేకుండా ఎక్కువ వడ్డీకి ఇచ్చే ఫైనాన్స్ సంస్థ, ప్రామిసరీ నోటు రాసి తెచ్చే ప్రైవేటు అప్పు, లేదా ఎకరా రెండెకరాలు అమ్మేయడం. నూటికి రెండు రూపాయల వడ్డీకి పది లక్షలు తెస్తే నెలకు 20,000 రూపాయలు వడ్డీయే. చదువు సాగే రెండేళ్లలో అసలు పైసా తరగకుండా 4 లక్షల 80 వేలు అందులోకే పోతుంది.

బ్యాంకు అప్పునే తీసుకుందాం. 40 లక్షలు, ఏడాదికి 11.5 శాతం వడ్డీ, పదేళ్ల గడువు అయితే ఈఎంఐ నెలకు సుమారు 56,000 రూపాయలు. చదువు సాగినంత కాలం పేరుకునే వడ్డీ దీనికి అదనం. దేశానికి తిరిగొచ్చి హైదరాబాదులో కొత్తగా కొలువులో చేరిన ఇంజినీరు జీతం చాలా సందర్భాల్లో ఈ ఈఎంఐకే సరిపోదు. అమెరికాలో కొలువు దొరికి నెలకు 1,500 డాలర్లు ఇంటికి పంపగలిగితే మాత్రం 36 నెలల్లో 54,000 డాలర్లు వస్తాయి. డాలరుకు 90 రూపాయల చొప్పున అది 48 లక్షల 60 వేలు. ఆ 36 నెలలకు చట్టంలో ఒక చోటు ఉంది. మొత్తం వ్యవహారంలో కుటుంబం కొంత ధైర్యంగా లెక్క వేసుకోదగింది ఆ ఒక్క గడువునే. దాని అవతల ఉన్నదంతా లాటరీ, క్యూ.

ఆ గడువు దాకా ఎలా చేరతారో చూద్దాం. అమెరికా విద్యార్థి వీసా పేరు ఎఫ్-1. దానికి ఆధారం విశ్వవిద్యాలయం జారీ చేసే ఐ-20 పత్రం. కోర్సు ఎప్పుడు మొదలవుతుంది, ఎప్పుడు ముగుస్తుంది, మొదటి ఏడాది ఖర్చెంత, ఆ డబ్బు ఎక్కడి నుంచి వస్తుంది అన్నవన్నీ అందులోనే ఉంటాయి. పాస్‌పోర్టు మీద వీసా స్టాంపింగ్ ఆ దేశపు గుమ్మం దాకా వెళ్లడానికే. లోపల ఉండే హక్కును నిలబెట్టేది ఐ-20లో రాసిన తేదీలు. ఈ తేడా తెలియక వీసా ఐదేళ్లకు వచ్చింది కాబట్టి ఐదేళ్లు ఉండవచ్చని భ్రమపడేవారు నేటికీ ఉన్నారు.

డబ్బు ఎక్కడి నుంచి అనే గడి దగ్గరే చాలా దరఖాస్తుల్లో మొదటి అబద్ధం చొరబడుతుంది. ఖాతాలో సొమ్ము చాలనప్పుడు కొందరు మధ్యవర్తులు కొద్ది వారాలకు డబ్బు సర్ది, బ్యాంకు పత్రం తెప్పించి, కమీషన్ తీసుకుని ఆ సొమ్మును వెనక్కి లాక్కుంటారు. దాన్ని 'ఫండ్స్ చూపించడం' అంటారు. అనుభవ పత్రాలు, మార్కుల జాబితాలు కూడా ఇలాగే తయారవుతుంటాయి. వీసా కోసం ముఖ్యమైన విషయంలో తప్పుడు సమాచారం ఇచ్చినట్టు తేలితే అమెరికా వలస చట్టం ప్రకారం ఆ వ్యక్తి జీవితాంతం ప్రవేశానికి అనర్హుడు కావచ్చు. పదేళ్ల తర్వాత శాశ్వత నివాసానికిచ్చే గ్రీన్ కార్డు దరఖాస్తు పరిశీలించే అధికారి ముందుకు మొదటి వీసా కాగితాలు కూడా వస్తాయి. మొదటి మెట్టు మీద చెప్పిన అబద్ధం మూడో మెట్టు మీద బయటపడుతుంది. అప్పటికి సర్దిపెట్టిన మనిషి ఎక్కడున్నాడో ఎవరికీ తెలియదు.

చదివే రోజుల్లో ఎఫ్-1 విద్యార్థి క్యాంపస్‌లో వారానికి 20 గంటలు, సెలవుల్లో 40 గంటల దాకా పని చేయవచ్చు. గంటకు 12 డాలర్లు వస్తే వారానికి 240 డాలర్లు. నలుగురితో కలిసి ఉంటే అద్దెకు, తిండికి అది సరిపోతుందేమో గానీ ఫీజుకు చాలదు. క్యాంపస్ బయట పెట్రోలు బంకులో, రెస్టారెంట్‌లో, మోటల్‌లో నగదుకు చేసే పని చట్టవిరుద్ధం. దొరికితే విద్యార్థి హోదా పోతుంది. 2025 జనవరిలో అమెరికాలో ప్రభుత్వం మారాక ఇలాంటి పనులు చేస్తున్న తెలుగు విద్యార్థులు భయంతో మానేస్తున్నారన్న వార్తలు వరసగా వచ్చాయి. వాళ్లను అక్కడిదాకా నెట్టింది ఊళ్లో పెరుగుతున్న వడ్డీయే. ఇంటి మీద భారం తగ్గించాలని చేసిన పనే హోదాకు ఎసరు పెడుతుంది. పిల్లలను నిందించే ముందు వాళ్లను అంత అప్పుతో పంపిన లెక్కను ప్రశ్నించాలి.

క్యాంపస్ బయట చట్టబద్ధంగా పని చేయడానికి రెండు దారులున్నాయి. చదువులో భాగంగా చేసేది సీపీటీ, చదువుకు సంబంధించిన రంగంలో అనుభవం కోసం చేసేది ఓపీటీ. ఈ సీపీటీని అడ్డం పెట్టుకుని నడిచిన మోసంలో తెలుగు విద్యార్థులు నష్టపోయినంతగా మరెవరూ నష్టపోలేదేమో. కాలిఫోర్నియాలోని ప్లెజంటన్‌లో ఉన్న ట్రై వ్యాలీ యూనివర్సిటీ చేరిన రోజు నుంచే పని అనుమతి ఇస్తూ, తరగతులు పెద్దగా లేకుండానే విద్యార్థి హోదాను నిలబెట్టేది. పదిహేను వందల మందికి పైగా ఉన్న విద్యార్థుల్లో అత్యధికులు భారతీయులు, వారిలో ఎక్కువమంది అప్పటి ఆంధ్రప్రదేశ్ వారు. సగానికి పైగా విద్యార్థుల చిరునామాగా సన్నీవేల్‌లోని ఒకే అపార్ట్‌మెంట్ నమోదై ఉంది. 2011 జనవరిలో అధికారులు దాడి చేసి దాన్ని మూసేశారు. కొందరు విద్యార్థుల కాళ్లకు నిఘా పరికరాలు బిగించారు. ఆ ఫొటోలు చూసి తెలుగునాట ఎన్నో ఇళ్లు నిద్రపోలేదు. విశ్వవిద్యాలయ వ్యవస్థాపకురాలికి 2014లో 16 ఏళ్లకు పైగా జైలు శిక్ష పడింది. విద్యార్థుల్లో కొందరికి వేరే విశ్వవిద్యాలయాలకు మారే అవకాశం దొరికింది, చాలామందికి దొరకలేదు.

ఎనిమిదేళ్లకు అదే కథ ఇంకా క్రూరంగా జరిగింది. మిషిగన్‌లో యూనివర్సిటీ ఆఫ్ ఫార్మింగ్‌టన్ అనే సంస్థను వలసల విభాగం అధికారులే రహస్యంగా నడిపారు. దానికి అధ్యాపకులు లేరు, తరగతులు లేవు. 2019 జనవరి చివర్లో అరెస్టయిన 130 మంది విద్యార్థుల్లో 129 మంది భారతీయులు, వారిలో తెలుగువారు ఎక్కువ. విద్యార్థులను చేర్పించి కమీషన్లు తీసుకున్నారని ఎనిమిది మందిపై కేసులు పెడితే వారిలోనూ తెలుగువారు ఉన్నారు. ప్రభుత్వమే ఉచ్చు పన్నడం న్యాయమా అన్న ప్రశ్న సరైనదే, అమెరికాలోనే దాన్ని గట్టిగా అడిగారు. అయినా తరగతులు లేని చదువులో ఎందుకు చేరారన్న ప్రశ్నకు విద్యార్థుల దగ్గర ఉన్న జవాబు ఒక్కటే: ఎంఎస్ అయిపోయింది, ఉద్యోగ వీసా లాటరీ తగల్లేదు, అప్పు తీరలేదు. మొదటి అనుమతికీ రెండో అనుమతికీ మధ్య ఉన్న ఖాళీలో ఎంత మంది చిక్కుకుంటున్నారో ఆ జవాబు చెబుతుంది.

సక్రమంగా చదివినవారికి ఓపీటీ 12 నెలలు. సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, గణితం కోర్సులు చదివినవారికి మరో 24 నెలల పొడిగింపు ఉంటుంది. 2008లో 17 నెలలుగా మొదలైన ఈ పొడిగింపు 2016 మే నుంచి 24 నెలలైంది. పైన లెక్క వేసిన 36 నెలలు ఇవే. వీటికీ షరతులున్నాయి. మొదటి ఏడాదిలో కొలువు లేకుండా ఉన్న రోజులన్నీ కలిపి 90 దాటకూడదు, పొడిగింపుతో కలిపి 150 దాటకూడదు. పొడిగింపు కావాలంటే యజమాని ఇ-వెరిఫై పథకంలో నమోదై ఉండాలి, శిక్షణ ప్రణాళిక పత్రం మీద సంతకం చేయాలి. 90 రోజుల లెక్క ముంచుకొచ్చేసరికి జీతం ఇవ్వకుండా కాగితం మీద మాత్రమే ఉద్యోగం చూపే కన్సల్టెన్సీల వైపు కొందరు మళ్లుతారు. లేని అనుభవాన్ని రెజ్యూమేలో చేర్చి, ఒకరి ఇంటర్వ్యూ ఇంకొకరు ఇచ్చే ప్రాక్సీ దందా అక్కడి నుంచే మొదలవుతుంది. నిజాయతీగా చదివి, నిజాయతీగా వెతుక్కునే కుర్రాడి రెజ్యూమేను కూడా కంపెనీలు అనుమానంగా చూసే పరిస్థితి దానివల్లే వచ్చింది.

2023-24లో అమెరికాలో భారతీయ విద్యార్థులు 3,31,602 మంది, చైనాను దాటి మొదటి స్థానం. వారిలో 97,556 మంది ఓపీటీలో ఉన్నారు. ఆ పైన దాటాల్సిన ద్వారం హెచ్-1బీ అనే ఉద్యోగ వీసా. 1990 నాటి వలస చట్టం మీద నిలబడ్డ ఈ వీసాలు ఏడాదికి 65,000, అమెరికాలో మాస్టర్స్ చేసినవారికి అదనంగా 20,000. 2024 ఆర్థిక సంవత్సరానికి వచ్చిన రిజిస్ట్రేషన్లు 7,80,884. ఒకే వ్యక్తి పేరు నాలుగైదు కంపెనీల నుంచి వేయించుకునే పద్ధతి ఆ అంకెను అంతగా పెంచింది. మరుసటి ఏడాది ఒక మనిషికి ఒకే అవకాశమని నిబంధన మార్చాక అది 4,79,953కు పడిపోయింది. వీసాల కంటే రిజిస్ట్రేషన్లు ఎక్కువ కనుక ఎంపిక లాటరీ ద్వారానే. లాటరీ మార్చిలో, కొలువు అక్టోబరు 1 నుంచి. మే నెలలో చదువు ముగించినవారికి 36 నెలల ఓపీటీలో మామూలుగా మూడు లాటరీలు దొరుకుతాయి.

ఇప్పుడు లాటరీ స్వభావమే మారింది. 2025 సెప్టెంబరు 19న అమెరికా అధ్యక్షుడి ప్రకటన కొత్త హెచ్-1బీ దరఖాస్తుకు లక్ష డాలర్ల రుసుము పెట్టింది. అమెరికాలోనే ఉంటూ ఎఫ్-1 నుంచి హెచ్-1బీకి మారేవారికి అది వర్తించదని అక్టోబరులో వలస సేవల విభాగం వివరణ ఇచ్చింది. అంటే బెంగళూరులో కూర్చుని దరఖాస్తు చేసుకునేవారి కంటే అమెరికాలో చదివినవారికి కొంత మేలు. ఆ వెంటనే ఇంకో మార్పు ఆ మేలులో కొంత లాగేసుకుంది. 2026 ఫిబ్రవరి 27 నుంచి అమల్లోకి వచ్చిన నిబంధన ప్రకారం జీతం స్థాయిని బట్టి ఎంపిక అవకాశం ఉంటుంది. నాలుగో స్థాయి జీతానికి పేరు నాలుగు సార్లు, మొదటి స్థాయికి ఒక్కసారే లాటరీలో పడుతుంది. కొత్తగా చదువు ముగించినవారు సాధారణంగా కింది రెండు స్థాయిల్లోనే ఉంటారు.

హెచ్-1బీ మూడేళ్లు, పొడిగిస్తే మరో మూడేళ్లు. ఉద్యోగం పోతే 60 రోజుల్లో వేరే యజమానిని వెతుక్కోవాలి. ఈ ఆరేళ్లలోనే యజమాని గ్రీన్ కార్డు పని మొదలుపెట్టాలి. విద్యార్థి తనంతట తాను వేసుకునే దరఖాస్తు కాదిది. ఆ ఉద్యోగానికి తగిన అమెరికన్ దొరకలేదని యజమాని కార్మిక శాఖకు చూపించాలి, ఆ తర్వాత ఐ-140 అనే వలస పిటిషన్ వేయాలి. కార్మిక శాఖకు దరఖాస్తు చేరిన తేదీయే ప్రయారిటీ డేట్ అవుతుంది. అమెరికా తెలుగు ఇళ్లలో నెలనెలా వీసా బులెటిన్ తెరిచి చూసేది ఈ డేట్ కరెంట్ అయిందా, అంటే తమ వంతు వచ్చిందా లేదా అనే.

క్యూ ఎందుకంత పొడవో తెలియాలంటే రెండు అంకెలు చాలు. ఉద్యోగం ఆధారంగా ఇచ్చే గ్రీన్ కార్డులు ఏటా సుమారు 1,40,000, భార్యాభర్తలకూ పిల్లలకూ ఇచ్చేవి కలుపుకునే. ఏ ఒక్క దేశంలో పుట్టినవారికీ ఏడు శాతానికి మించి ఇవ్వకూడదు. ఎంఎస్ చేసినవారు ఎక్కువగా వెళ్లే ఈబీ-2 వర్గానికి దాదాపు 40,000 ఉంటే అందులో భారత్ వంతు సుమారు 2,800. ఇతర దేశాలవారు వాడుకోకుండా మిగిలితే కొన్ని అదనంగా రావచ్చు. జనాభా 140 కోట్లు దాటిన దేశానికీ, నాలుగు లక్షలున్న ఐస్‌లాండ్‌కూ పరిమితి ఒక్కటే. 2024 ఆర్థిక సంవత్సరంలో ఆమోదం పొందిన హెచ్-1బీల్లో 71 శాతం భారతీయులవైతే గ్రీన్ కార్డు దగ్గర ద్వారం ఏడు శాతమే తెరుచుకుంటుంది. 2025 చివర్లో ఈబీ-2 భారత్ తేదీ 2013 దగ్గరే ఉంది. అంటే ఆ రోజు కార్డు అందుకున్న వ్యక్తి పన్నెండేళ్లకు పైగా వరసలో నిలబడ్డాడు. కొత్తగా చేరేవారు అంతకంటే చాలా పెద్ద వరసలో నిలబడుతున్నారు. దీన్ని అన్యాయమని చెప్పడానికి వెనుకాడనక్కర్లేదు. దేశాల పరిమితి ఎత్తేసే బిల్లులు అమెరికా కాంగ్రెస్‌లో పదే పదే వచ్చి చట్టం కాకుండానే ఆగిపోయాయి.

వరసలో చూసేది పౌరసత్వాన్ని కాదు, పుట్టిన దేశాన్ని. జన్మ ధ్రువీకరణ పత్రంలో నంద్యాల ఆసుపత్రి పేరు ఉన్నవారు తర్వాత కెనడా పౌరులైనా భారత్ వరసలోనే నిలబడాలి. భార్య లేదా భర్త వేరే దేశంలో పుట్టి ఉంటే ఆ దేశపు వరసను వాడుకోవచ్చు, తెలుగు కుటుంబాల్లో అలాంటివి అరుదు. 2000 నాటి చట్టం వల్ల ఐ-140 ఆమోదం పొందినవారు ఆరేళ్ల తర్వాత కూడా హెచ్-1బీని పొడిగించుకుంటూ ఉండవచ్చు. అలా ఉన్నంత కాలం యజమాని మారడం, పదోన్నతి తీసుకోవడం, సొంత వ్యాపారం పెట్టడం అన్నీ జాగ్రత్తగా ఆలోచించాల్సినవే. ఇక్కడ పుట్టి తల్లిదండ్రుల వెంట వెళ్లిన పిల్లలకు 21 ఏళ్లు నిండితే తల్లిదండ్రుల మీద ఆధారపడిన హోదా పోతుంది. అమెరికన్ బడిలో చదివి పెరిగిన పిల్లలు మళ్లీ ఎఫ్-1 విద్యార్థులుగా మొదటి మెట్టుకు రావాలి.

పెళ్లి సంబంధాల్లో 'హెచ్-1బీనా, గ్రీన్ కార్డా' అని ఆరా తీయడం ఈ ప్రాంతంలో మామూలైంది. అడగాల్సిన అసలు ప్రశ్న ఐ-140 అయిందా అన్నది. హెచ్-1బీ భర్త మీద ఆధారపడిన హెచ్-4 వీసాపై వెళ్లే భార్యకు పని అనుమతి 2015 నుంచి ఉన్నా, సాధారణంగా భర్త ఐ-140 ఆమోదం పొందాకే అది దొరుకుతుంది. ఇంజినీరింగ్ చదివిన అమ్మాయి ఏళ్ల తరబడి ఇంట్లో కూర్చోవాల్సి రావచ్చన్న సంగతి పెళ్లి చూపుల్లో ఎవరూ చెప్పరు.

ఇతర దేశాల్లో దారి వేరుగా ఉంది. కెనడాలో శాశ్వత నివాసానికి పుట్టిన దేశం అడ్డు రాదు. వయసు, చదువు, భాష, అనుభవం మీద ఎక్స్‌ప్రెస్ ఎంట్రీలో పాయింట్లు వేస్తారు. చదువు తర్వాత మూడేళ్ల దాకా పని అనుమతి ఇచ్చే ఆ దేశం వైపు అందుకే చాలామంది మళ్లారు. ఆ ఆకర్షణే నిబంధనలు బిగియడానికి కారణమైంది. 2024 జనవరిలో విద్యార్థి అనుమతులకు పరిమితి పెట్టారు. ఖాతాలో చూపాల్సిన సొమ్ము 10,000 కెనడా డాలర్ల నుంచి 20,635కు, 2025 సెప్టెంబరు నుంచి 22,895కు పెరిగింది. 2024 నవంబరు నుంచి వారానికి 24 గంటల పని, చదువు తర్వాత అనుమతికి భాషా పరీక్ష వచ్చాయి. కొలువు ఆఫర్‌కు ఇచ్చే అదనపు పాయింట్లను 2025 మార్చిలో తీసేశారు. కెనడాలో అనుభవం ఉన్నవారి డ్రాల్లో 2025లో కటాఫ్ 500 పైనే నిలిచింది. ఏదో ఒక ప్రైవేటు కళాశాలలో ఏదో ఒక డిప్లొమా చేస్తే శాశ్వత నివాసం (పీఆర్) వస్తుందన్న మాట ఇప్పుడు చెల్లదు.

బ్రిటన్‌లో చదువు తర్వాత రెండేళ్ల గ్రాడ్యుయేట్ రూట్ 2027 జనవరి నుంచి 18 నెలలకు తగ్గుతుంది. ఆ తర్వాత ఉండాలంటే స్కిల్డ్ వర్కర్ వీసాకు సాధారణ జీతం పరిమితి 2025 జులై నుంచి 41,700 పౌండ్లు. శాశ్వత నివాసానికి ఐదేళ్ల గడువును పదేళ్లు చేయాలని 2025 మేలో వెలువడిన శ్వేతపత్రం ప్రతిపాదించింది. ఆస్ట్రేలియాలో రెండు వారాలకు 48 గంటల పని, పాయింట్ల పద్ధతి, మారుమూల ప్రాంతాల్లో చదివితే కొంత మొగ్గు.

జర్మనీ సంగతి కొంచెం నిదానంగా చూడాలి. అప్పు భయం ఉన్న ఇంటికి నిజంగా ఊరట ఇవ్వగలది అదే. చాలా ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో ఫీజు లేదు. ఏడాది ఖర్చుకు 11,904 యూరోలు ప్రత్యేక ఖాతాలో వేసి చూపించాలి, నెలనెలా అందులోంచే తీసుకోవాలి. ఏడాదికి 140 పూర్తి రోజులు పని చేయవచ్చు. చదువయ్యాక కొలువు వెతుక్కోవడానికి 18 నెలలు ఇస్తారు. అక్కడే చదివినవారు చదువుకు తగిన కొలువులో రెండేళ్లు చేసి పింఛను చందాలు కట్టి, జర్మన్ భాషలో బీ1 స్థాయి చూపితే శాశ్వత నివాసానికి అర్హులవుతారు. లాటరీ లేదు, పుట్టిన దేశాన్ని బట్టి వరసా లేదు. అడ్డంకి భాషే. ఇంగ్లిష్ మీడియంలో ఎంఎస్ చేసి జర్మన్ నేర్చుకోకుండా కొలువు వెతికితే ఆ 18 నెలలు ఇట్టే కరిగిపోతాయి. నంద్యాలలో బీటెక్ మూడో ఏడాదిలోనే భాష మొదలుపెట్టిన విద్యార్థికి ఈ దారి దగ్గరవుతుంది. జిల్లాలోని కళాశాలలు జీఆర్ఈ కోచింగ్ మీద పెట్టే శ్రద్ధలో కొంత జర్మన్ తరగతుల మీద పెడితే తల్లిదండ్రుల అప్పు సగానికి సగం తగ్గే అవకాశం ఉంది.

ఇంత ముఖ్యమైన నిర్ణయంలో సలహా ఇచ్చేదెవరు? గల్ఫ్‌కు కార్మికులను పంపే ఏజెంటు 1983 నాటి వలస చట్టం కింద లైసెన్సు తీసుకోవాలి. విద్యార్థులను పంపే కన్సల్టెన్సీకి ఆ చట్టం వర్తించదు. విద్యార్థి దగ్గర ఫీజు తీసుకోకపోయినా చాలా కన్సల్టెన్సీలకు విదేశీ విశ్వవిద్యాలయాలు తలకింత అని కమీషన్ ఇస్తాయి. ఆ సంగతి తల్లిదండ్రులకు చెప్పాలన్న నిబంధన లేదు. కమీషన్ ఎవరిస్తారో, తాను పంపినవారిలో ఎందరు చదువు ముగించారో రాసివ్వాలని కన్సల్టెన్సీలను రాష్ట్ర ప్రభుత్వం ఆదేశిస్తే మోసాల్లో సగం అక్కడే ఆగుతాయి. ఆర్థిక సాయం సంగతికొస్తే, 2022లో రాష్ట్ర ప్రభుత్వం తెచ్చిన విదేశీ విద్యా పథకం పై ర్యాంకు విశ్వవిద్యాలయాల్లో సీటు వచ్చినవారికే పరిమితమైంది. ఈ ప్రాంతం నుంచి ఎక్కువమంది చేరేది ఆ జాబితాలో లేని విశ్వవిద్యాలయాల్లో. వారికి కావాల్సింది గ్రాంటు కాదు, పొలాన్ని తనఖాగా తీసుకుని మామూలు వడ్డీకి అప్పిచ్చే బ్యాంకు.

శాశ్వత నివాసం దక్కాక కూడా షరతులు తీరవు. గ్రీన్ కార్డు ఉన్నవారు ఏడాదికి మించి అమెరికా బయట ఉంటే తిరిగి ప్రవేశం కష్టం, ముందే అనుమతి పత్రం తీసుకుంటే రెండేళ్ల దాకా వెసులుబాటు. కెనడాలో ఐదేళ్లలో 730 రోజులు అక్కడ ఉండాలి. తల్లికి పక్షవాతం వచ్చి ఆళ్లగడ్డలో ఏడాదికి పైగా ఉండాల్సి వస్తే ఈ లెక్కలు అడ్డు తగులుతాయి. అమ్మానాన్నలను తీసుకువెళ్లే హక్కు గ్రీన్ కార్డుతో రాదు, పౌరసత్వం తీసుకున్నాకే వారికి దరఖాస్తు చేయగలరు.

శాశ్వత నివాసి భారత పౌరుడే. పాస్‌పోర్టు మారదు. విదేశాల్లో ఉన్నవారు ఓటరుగా నమోదు చేసుకుంటే సొంత నియోజకవర్గంలో ఓటు వేయవచ్చు, ఆ రోజు ఇక్కడికి వచ్చి స్వయంగా వేయాలి. విదేశీ పౌరసత్వం తీసుకుంటే భారత పౌరసత్వం పోతుంది, పాస్‌పోర్టు అప్పగించాలి, ఓసీఐ (ఓవర్సీస్ సిటిజన్ ఆఫ్ ఇండియా) కార్డు తీసుకోవచ్చు. ఓటు ఉండదు. భూమి విషయంలో మాత్రం ఎన్ఆర్ఐకీ ఓసీఐకీ నిబంధన దాదాపు ఒకటే. ఇల్లు, ఇంటి స్థలం కొనుక్కోవచ్చు. వ్యవసాయ భూమి, తోట, ఫామ్‌హౌస్ కొనకూడదు. తాతతండ్రుల పొలం వారసత్వంగా వస్తే ఉంచుకోవచ్చు, అమ్మితే ఇక్కడ నివసించే భారత పౌరుడికే అమ్మాలి. చదువు కోసం అమ్మిన రెండెకరాలను డాలర్లు సంపాదించాక తన పేరున తిరిగి కొనాలనుకునే కొడుకు లేదా కూతురు విదేశంలో ఉన్నంత కాలం రిజర్వు బ్యాంకు అనుమతి లేకుండా ఆ పని చేయలేరు.